సుగ్గి పుస్తకం

గాజు పలక మీద నిలబడ్డ ఆడమనిషిని చూసి ఉరుకుందమ్మ అన్న మొదటి మాట, "ఇదేంది, మాయమ్మ ఈడికి ఎప్పుడొచ్చె?"

"మీ అమ్మ కాదు తల్లీ, నువ్వే. నలభై ఏళ్ళ వయసులో," అన్నాను.

పదిహేడేళ్ళ పిల్ల. ఆదోని నుంచి పొద్దున్నే రైల్లో మా ల్యాబుకు వచ్చింది. గాజు మీది మనిషిని కిందికీ పైకీ చూసింది. ఆ మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, దగ్గుతోంది. నా సహోద్యోగి కేదారి కాగితం చూసుకుంటూ ఆమెను వరుసగా అడగాల్సిన ఎనిమిది ప్రశ్నలూ మొదలుపెట్టాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"కల్లంలో మిరక్కాయల తొడిమెలు తీస్తా."

"ఎంతవరకు చదివారు?"

"ఇంటర్లో ఇడిసిపెడ్తి."

కేదారి మీట నొక్కాడు. పలక అంచున ఎర్ర గీత వెలిగింది. సహాయానికి అర్హత లేదని దాని అర్థం. ఉరుకుందమ్మ ఆ గీత వంక చూడనైనా లేదు. గాజు దగ్గరికి వెళ్ళి, లోపలి మనిషి ముఖంలో ముఖం పెట్టి, నా వైపు తిరిగింది.

"నాకు లెక్కల్లో తొంభై ఎనిమిది మా. ఈయమ్మకి ఆ సంగతి తెల్దా?"

ఆ యంత్రం కట్టింది నేనే. పదకొండేళ్ళు కట్టాను.

దాని పేరు ముందుచూపు. పిల్ల గొంతు, నడక, మార్కులు, బడి హాజరు దానికి ఇస్తాం. పూర్వం ప్రభుత్వ హాస్టళ్ళలో చదివిన ఏడు లక్షల మంది రిజిస్టర్లూ, వాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారన్న వివరాలూ దాని కడుపులో ఉన్నాయి. వాటితో పోల్చుకుని ఈ పిల్ల నలభయ్యో ఏట ఎలా ఉంటుందో మనిషిని చేసి నిలబెడుతుంది. ఆ మనిషి మాట్లాడుతుంది, విసుక్కుంటుంది, ముక్కు చీదుకుంటుంది. మొదటిసారి అది పనిచేసిన రోజున నేనూ కేదారీ క్యాంటీన్లో ఒకరి ప్లేట్లోది ఒకరం తినేశాం, అంత మైమరపు.

ఢిల్లీ పెద్దలకు అది తెగ నచ్చింది. విద్యార్థి సహాయ సవరణ బిల్లు అప్పుడే తయారవుతోంది. అంతవరకూ కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం ఉండి, నూటికి డెబ్బై అయిదు హాజరుంటే చాలు, స్కాలర్‌షిప్పు వచ్చేది. ఇకమీదట గాజు మీద నిలబడే మనిషి చదువు పూర్తిచేసిన మనిషి అయితేనే ఇస్తారు. సగం మంది మధ్యలో మానేస్తున్నారు, ప్రజల సొమ్ము బూడిదలో పోసిన పన్నీరవుతోంది అన్నారు. సబబుగానే తోచింది నాకు. పైగా యంత్రం నాదాయె, కాకిపిల్ల కాకికి ముద్దు. ఇంకో పన్నెండు రోజుల్లో పార్లమెంటు సంఘం మా ల్యాబుకు వచ్చి చూస్తుంది. చూసి ఊఁ అంటే బిల్లు ఖాయం.

అలాంటప్పుడు లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లకు ఎర్ర గీతేమిటి? లెక్క ఎక్కడ బెడిసిందోనని ఆ పిల్ల కాగితాలు తిరగేశాను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నలభై మూడు రోజులు బడికి రాలేదు. అంతకుముందు సంవత్సరమూ అంతే.

"ఎక్కడికి పోయావమ్మా ఇన్ని రోజులు?"

"సుగ్గికి పోయింటి మా."

సుగ్గి! ఆ మాట విని ఎన్నేళ్ళయింది! చిన్నప్పుడు వాడిన గిన్నె ఎవరో అటక మీంచి తీసి చేతికిచ్చినట్టు అయింది నాకు.

మా పడమటి పల్లెల్లో వానలు మొహం చాటేస్తే, సంక్రాంతికి ముందే ఇళ్ళకు తాళాలేసి జనం గుంటూరు మిరప తోటలకు కోతలకు పోతారు. అదే సుగ్గికి పోవడం. మా అమ్మానాన్నలతో నేనూ పోయేదాన్ని. నా పేరు హుళిగెమ్మ. ల్యాబులో ఆ పేరు పలకలేక డాక్టర్ హెచ్ అంటారు గానీ, నేను చిన్నమ్మదొడ్డి బాలికల హాస్టలు హుళిగెమ్మనే.

హాస్టలు వార్డెను సుగుణమణి మ్యాడం. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ నీలం అంచు చీర. ఆమె గొంతు వంటింట్లో లేస్తే గేటు దగ్గర మేం సర్దుకుని నిలబడేవాళ్ళం. సుగ్గికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ తెచ్చే రోజున మ్యాడం మమ్మల్ని వరుసలో నిలబెట్టి, మనిషికొక నోటు పుస్తకం ఇచ్చేది.

"దినానికి ఒక పేజీ. ఏం రాస్తావో నీ ఇష్టం. పేజీ ఉంటే హాజరు. పేజీ లేకుంటే లేదు. ఇన్పడెనా?"

"ఇన్పడె మ్యాడం!"

మిరప చేలో రాసేవాళ్ళం. సాళ్ళ మధ్య గట్టు మీద కూర్చుని, మండే వేళ్ళతో పెన్సిలు పట్టుకుని రాసేవాళ్ళం. నేను ఎక్కువగా లెక్కలే రాసేదాన్ని. అక్కడ మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. టిక్కీలో ఎన్ని కాయలుంటాయి, మా అమ్మ రోజుకు ఎన్ని కాయలు తుంచుతుంది, ఆ లెక్కన ఆమె జన్మలో తుంచిన కాయలు పక్కపక్కన పేరిస్తే గుంటూరు నుంచి ఆదోనికి చేరతాయా లేదా... ఇలాంటివి. చేరతాయి. రెండుసార్లు పోయి రావచ్చు కూడా.

ఫిబ్రవరిలో తిరిగి వచ్చాక మ్యాడం వరండాలో చాప మీద కూర్చునేది. హాజరు పట్టీలో మా గడులన్నీ అన్నాళ్ళూ ఖాళీగా ఉంచి ఉండేది. వేలు తడి చేసుకుంటూ పుస్తకం పేజీ పేజీ తిప్పేది. ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దేది. పేజీకొక గడి నింపేది. అన్నీ అయ్యాక పుస్తకం మూసి, "సరిపాయ. పో, అన్నం తిను," అనేది. ఆ అన్నంలోకి నీళ్ళ సాంబారే ఉండేది, అందులో వంకాయ ముక్క దొరికితే ఆ రోజు పండగే. కానీ ఆ మాట తర్వాత తిన్న అన్నం రుచి మళ్ళీ నాకెక్కడా తగల్లేదు. ఎన్ని దేశాల్లో తిన్నానో!

ఇదంతా ప్రభుత్వం రూలే అనుకున్నాను నేను. నవ్వకండి. దేశంలో ప్రతి హాస్టల్లోనూ పేజీలు లెక్కపెట్టే హాజరు వేస్తారనుకున్నాను. పిల్లలప్పుడు అనుకున్నదాన్ని పెద్దయ్యాక మళ్ళీ తీసి చూసుకోం కదా.

అందుకే ఉరుకుందమ్మను అమాయకంగా అడిగాను, "మరి పుస్తకం రాయలేదా? మీ మ్యాడం హాజరు వేయలేదా?"

"ఏం పుస్తకం మా?" పిల్ల వింతగా చూసింది. "మొగం సూపిస్తేనే హాజరు పడ్తాది. గోడకి కెమెరా ఉండాది."

ఉన్నపళంగా కుర్చీలో కూర్చుని ముందుచూపు కడుపులోంచి నా హాజరు బయటికి తీశాను. ఇంటరు మొదటి సంవత్సరం, జనవరి, ఫిబ్రవరి. గడులన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్కటీ ఖాళీ లేదు. నా ముందరి పిల్లకూ అంతే, నా వెనకాల పిల్లకూ అంతే. ఆ రిజిస్టర్లను ముందుచూపుకు ఏరికోరి ఇప్పించింది ఎవరు? నేనే. "మా హాస్టలు రిజిస్టర్లు చూడండి, ఎంత శుభ్రంగా ఉన్నాయో" అని కేదారికి గొప్పలు చెప్పింది కూడా నేనే.

యంత్రం వాటిని చదివి నేర్చుకున్నది ఒక్కటే. నిండు హాజరున్న పిల్లలు పైకొచ్చారు, గడులు ఖాళీగా ఉన్న పిల్లలు కల్లాల్లో మిగిలారు. మధ్యలో ఒక నోటు పుస్తకం ఉందని దానికి ఎవరు చెప్పారు?

కేదారికి చెప్పాను. అతను చాలాసేపు అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"మేడమ్, మీరిది సంఘం ముందు చెబితే మన ల్యాబు మూత. అది పోనివ్వండి. ఆ వార్డెను గారు బతికే ఉన్నారా?"

"ఉన్నారు. డెబ్బై ఎనిమిది."

"దొంగ హాజరంటారు మేడమ్. కేసు పెడతారు. పెన్షన్ ఆపేస్తారు. మీ డిగ్రీనీ తవ్వుతారు."

చెప్పకపోతే? ఉరుకుందమ్మ వచ్చే ఏడాదికి కల్లంలో ఉంటుంది. ఆమె ఒక్కతేనా, మా పడమటి పల్లెల పిల్లలందరూ. రెండు వైపులా గొయ్యే. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆదోని రైలెక్కాను.

మ్యాడం తలుపు తీసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమ్మే హుళిగీ, ఇంత బక్కగైతివే! అన్నం పెట్టడంల్యా ఆ ల్యాబులో?" అంది. నాకు నలభై మూడేళ్ళు. ఆ మాటకు మళ్ళీ పదహారేళ్ళు వచ్చి, గడపలోనే ఏడుపు ముంచుకొచ్చింది.

విషయమంతా విన్నది. విని, లేచి, మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగమంది. మూత తీయగానే గుప్పున ఘాటు. ఇద్దరం వరసపెట్టి తుమ్మాం. లోపలన్నీ సుగ్గి పుస్తకాలు. అట్టల మీద ఎర్రటి వేలిముద్రలు, పేర్లు. నా పుస్తకం ఆమె వెతక్కుండానే తీసింది.

"చదువు సూద్దాం."

చదివాను. టిక్కీలు, కాయలు, ఆదోని దాకా పేర్చిన వరుస. నా అక్షరాలు నాకే ముద్దొచ్చాయి. తిప్పుతూ పోతే ఫిబ్రవరి పదకొండో తారీఖు దగ్గర పేజీ తెల్లగా ఉంది. పైన తేదీ ఉంది, అంతే. నేను బడికి తిరిగి వచ్చింది పదిహేనున. మధ్య మూడు రోజుల పేజీలూ తిరుగు ప్రయాణంలో గిలికినవి.

"పదకొండు రాయలేదు మ్యాడం నేను."

"నాకు తెల్సులే."

"గడి నిండే ఉంది. నేను రిజిస్టరు చూశాను."

"పెట్టినా. ఆ పొద్దు మీ మేస్త్రీ నాకు ఫోన్ చేసె. హుళిగి ఇంక రాదంట మ్యాడం, వాళ్ళమ్మతో కల్లంలోనే నిలబడ్తాదంట అనె. నేనేం జేస్తి? రిజిస్టరు తెరిచి, ముందుగాల నీ గడి నింపితి. ఆమీద మీయమ్మకి ఫోనిప్పించి చెప్తి. నీ బిడ్డ హాజరు నిండుగుండాది, స్కాలర్‌షిప్పు యాడికీ పోలే, పంపియమ్మా అని."

ఆ రోజు నాకు గుర్తుంది. ఫోను పెట్టేశాక అమ్మ నా సంచి తెచ్చి నా పక్కన పెట్టింది.

"పేజీ లేకుంటే హాజరు లేదని మీరే కదా చెప్పారు," అన్నాను.

"రాసిస్తావులే అనుకుంటి."

వీధిలో పాలవాడి హారను వినిపించింది. అప్పుడు కేసు, పెన్షన్ సంగతి చెప్పాను. మీరు వద్దంటే చెప్పను అన్నాను. ఆమె వేళ్ళు చీర అంచును నలిపాయి.

"భయం లేదంటే అబద్దమైతాది హుళిగీ. మందులకే నెలకి ఎంతో పడ్తాది. కొడుకా, కూతురా నాకి? కానీ నేను చేసిన పని నీ యంత్రం నోట్లో పడి పిల్లల గొంతు కోస్తాంటే ఊరికె కూసుంటానా? టికెట్ తీయి. నేనే వస్తా."

సంఘం వచ్చిన రోజు ల్యాబు పెళ్ళివారిల్లులా ఉంది. ఏడుగురు సభ్యులు, వాళ్ళ వెనక అధికారులు. ఛైర్మన్ గారు నెమ్మదస్తుడు, చేతిలో బిల్లు ప్రతి. వెనక వరుసలో సుగుణమణి మ్యాడం నీలం అంచు చీరలో కూర్చుంది, ఒళ్ళో నా నోటు పుస్తకం.

"ఇవాళ పరీక్షకు ఏ విద్యార్థిని తెచ్చారు?" అన్నారు ఛైర్మన్ గారు.

"నన్నే తెచ్చుకున్నానండి," అన్నాను.

మొదట మా హాస్టలు రిజిస్టరులో ఉన్న హాజరే ఇచ్చాం. గాజు మీద కళ్ళజోడు పెట్టుకున్న మనిషి నిలబడింది. శాస్త్రవేత్తనని చెప్పింది. అచ్చంగా నేనే, మూడేళ్ళు చిన్న. చప్పట్లు పడ్డాయి. పచ్చ గీత వెలిగింది.

"ఇప్పుడు హాజరు ఒక్కటే మారుస్తాను. గొంతు, నడక, మార్కులు ఏవీ ముట్టుకోను. నలభై ఒక్క రోజులు తీసేస్తున్నాను, ఎందుకంటే ఆ నలభై ఒక్క రోజులు నేను నిజంగా బడిలో లేను."

కేదారి నా వంక ఒకసారి చూశాడు. చూసి, మీట నొక్కాడు. అందుకు అతనికి జన్మంతా రుణపడి ఉంటాను.

గాజు మీద కళ్ళజోడు పోయింది. తలకు తువ్వాలొచ్చింది. భుజాలు వంగాయి. కానీ ముఖం అదే, ఎడమ కనుబొమ్మ మీద నా చిన్నప్పటి గాటు కూడా అదే. ఛైర్మన్ గారు ముందుకు వంగారు.

"నీ పేరేమిటమ్మా?"

"హుళిగెమ్మ సార్."

"చదువు?"

"ఇంటర్లో ఇడిసిపెడ్తి సార్. హాజరు తక్కువైందని స్కాలర్‌షిప్పు నిలిపేసిరి."

ఎనిమిది ప్రశ్నల కాగితంలో లేని ప్రశ్న ఒకటి నేను అడిగాను. "తిరిగి పోవాలనిపించలేదా?"

ఆమె నా కళ్ళలోకి చూసింది. "అనిపించె. ఎవరన్నా పిలుస్తారేమోనని సూస్తి. ఎవరూ పిలవలే."

ఆ మనిషి ఎక్కడా లేదు. ఆమెను కట్టింది నేనే. అయినా ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

"అంటే మీ యంత్రం తప్పు చెబుతోందంటారా?" ఛైర్మన్ గారు అడిగారు.

"లేదండి. స్కాలర్‌షిప్పు ఆపేస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబుతోంది. ఇన్నేళ్ళూ హాజరు తగ్గిన పిల్లలకు మనం స్కాలర్‌షిప్పు ఆపేశాం, వాళ్ళు చదువు మానేశారు. అది చూసి యంత్రం నేర్చుకుంది. ఇప్పుడు యంత్రాన్ని చూసి మనం మళ్ళీ ఆపేస్తామంటున్నాం. ఆపకుండా ఇచ్చిన చోట ఏమైందో మీ ఎదురుగా నిలబడి ఉన్నాను."

"మీ హాజరు దొంగ హాజరు కదమ్మా మరి. ఎవరు వేశారు?"

నేను నోరు తెరిచేలోగా వెనక కుర్చీ చప్పుడైంది.

"నేనే సార్. వార్డెను సుగుణమణి. ఇరవై రెండేండ్లు ఏసినా. దొంగదని మీరంటాండారు. నేను పేజీ సూసి ఏసినా. కావలిస్తే సూడండి." మ్యాడం నడుచుకుంటూ వచ్చి నోటు పుస్తకం ఛైర్మన్ గారి బల్ల మీద పెట్టింది. "ఈ పిల్లకి ముందు ముందు ఏమైతాదో నాకు తెల్దు సార్. నాకి యంత్రం ల్యాకుండె. పిల్ల రాస్తాందా ల్యాదా అదొకటి సూస్తి."

ఆయన పుస్తకం తెరిచారు. రెండు పేజీలు తిప్పగానే తుమ్ము వచ్చింది. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాతి సంగతులు చప్పున చెప్పేస్తాను. యంత్రం మాట ఉన్న సెక్షన్ను బిల్లులోంచి తీసేశారు. సుగ్గికి పోయే పిల్లలకు చేను దగ్గరే రాసిన పనిని హాజరుగా లెక్కించవచ్చని కొత్తగా ఒక వాక్యం చేర్చారు. ఉరుకుందమ్మ ఇప్పుడు డిగ్రీలో ఉంది, లెక్కలే తీసుకుంది. ముందుచూపు మీద గుడ్డ కప్పి ఉంది. కేదారి వేరే ల్యాబుకు వెళ్ళాడు, అప్పుడప్పుడు ఫోన్ చేసి నన్ను ఆటపట్టిస్తుంటాడు. నా డిగ్రీ మీద విచారణ నడుస్తోంది.

మ్యాడం పెన్షన్ మాత్రం విచారణ తేలేదాకా నిలిపేశారు. అదే నన్ను తినేస్తోంది. పాత హాస్టలు పిల్లలం వంతులు వేసుకుని ఆమె మందులూ సరుకులూ చూస్తున్నాం. వెళ్ళిన ప్రతివాళ్ళనూ తిడుతుంది, "నేనడిగితినా?" అని. తిట్టి, అన్నం పెట్టి పంపుతుంది.

మొన్న నా వంతు వచ్చింది. వెళ్ళేముందు కూర్చుని ఒక పేజీ రాశాను.

'ఫిబ్రవరి 11. ఈ రోజు కల్లంలో ఎండ బాగా ఉంది. మా అమ్మ, ఇంక బడి వద్దు, నాతోనే ఉండు అన్నది. నేను సరే అన్నాను. సరే అన్నాక పుస్తకం తెరిచి తేదీ వేశాను, ఏమీ తోచలేదు. మ్యాడంకు ఇంక చూపించేది లేదు కదా అని మూసేశాను. మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ మోగింది. అమ్మ ఫోన్ వినింది. విని నా సంచి తెచ్చి నా పక్కన పెట్టింది. నాకు చాలా సంతోషం అయింది. ఆ సంతోషంలో ఈ పేజీ రాయడం మరిచాను. ఆలస్యానికి క్షమించగలరు.'

మ్యాడం వరండాలో చాప మీద కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా చదివింది. దిండు కింద నుంచి ఎర్ర పెన్ను తీసి ఎక్కడో ఒక కామా పెట్టింది. నా పాత పుస్తకం తెరిచి, తెల్లగా ఉన్న పేజీలో ఈ కాగితాన్ని జాగ్రత్తగా పెట్టి మూసింది.

"సరిపాయ," అంది. "పో, అన్నం తిను."